పాటకు పలుకు కట్టిన రోజులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు చర్చి పాటలు రాస్తవంట గద, దాని మీద ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. రాసింది నేనొక్కడినే కాదు, ముగ్గురం కలిసి రాశామన్నాను. "అయితే ముగ్గురి తరఫున నువ్వే మాట్లాడు, తక్కిన ఇద్దరికీ మైకంటే భయం" అన్నాడు. ఆ ఇద్దరూ ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. మన బ్యాచ్ వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఎవరో తెలిసిపోతుంది. తక్కిన వాళ్ళ కోసం ఒకరిని హార్మోనియం అని, ఇంకొకరిని చిరుతలు అని పిలుస్తాను. బడిలో వీళ్ళకున్న అసలు మారుపేర్లు ఇంతకంటే ఘోరమైనవి కాబట్టి ఏమీ అనుకోరు.

ముందు మేం ఎక్కడివాళ్ళమో చెప్పాలి, ఎందుకంటే పాటలో గొడవంతా అక్కడి నుంచే వచ్చింది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ కాలువలు మన నేలను చెరుకు నేల చేశాయి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. శక్కర్‌నగర్ అనే పేరు అట్లా పుట్టింది. నీళ్ళను చూసి కోస్తా జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. పనిని చూసి పాలమూరు నుంచి కూలీలు వచ్చారు. హార్మోనియం వాళ్ళది క్యాంపు. వాళ్ళ తాత గుంటూరు వైపు నుంచి ఎడ్లబండిలో వచ్చినప్పుడు తెచ్చుకున్న సామానులో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకటి. చిరుతలు ఇక్కడివాడే, బోధన్ పక్క ఊరు. వాళ్ళ నాయన చిరుతల రామాయణం ఆడించేవాడు. వాడు ఫ్యాక్టరీలో పాన్ హౌస్‌లో పనిచేసి బయటికి వచ్చాడు. వాడిది హిందూ కుటుంబం, ఇప్పటికీ శనివారం భజనకు పోతాడు. ఇక మా నాయన పాలమూరు మనిషి. మేం పుట్టుకతో మెనొనైట్లం.

ఈ మాట అనగానే బడిలో మీరంతా "అదేం కులంరా" అని అడిగేవాళ్ళు. నాకు జవాబు తెలిసేది కాదు. మా నాయనను అడిగితే "మనం ఎం.బి. సంఘం బిడ్డా" అనేవాడు. అంతే. ఇక్కడ మా సంఘానికి గుడి లేదు. ఆదివారం మెథడిస్టుల గుడికే పోయేవాళ్ళం. అప్పటికి అది సి.ఎస్.ఐ. అయిపోయింది కానీ మా నాయనకు అది చివరిదాకా మెథడిస్టుల గుడే. మన వైపు క్రైస్తవమంటే వాళ్ళదే పెద్ద చెయ్యి. డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రి వాళ్ళు పెట్టిందే. దానికి మన నిజామాబాదు రాజా నర్సాగౌడ్ గారు డబ్బిచ్చి నిలబడ్డారు. మెదక్‌లో ఆ పెద్ద గుడిని 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించినదీ వాళ్ళే. పాలమూరు, నల్లగొండ వైపు మాత్రం మావాళ్ళు. రష్యా సామ్రాజ్యం నుంచి, ఇప్పటి ఉక్రెయిన్ వైపు నుంచి, అబ్రహాం ఫ్రీసెన్ అనే ఆయన 1889లో వచ్చి నల్లగొండలో పని మొదలుపెట్టాడు. పదేళ్ళకు అమెరికా నుంచి హీబర్ట్ దంపతులు వచ్చారు. నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, గద్వాల, జడ్చర్ల, శంషాబాద్, ఇవన్నీ మావాళ్ళ కేంద్రాలు.

2011లో మా మేనమామ కొడుకు, పాలమూరు జిల్లాలో మా సొంతూరి సంఘంలో పెద్ద, ఇక్కడికి వచ్చినప్పుడు ఒక మాట అన్నాడు. "బావా, మేం ఏటా శాంతి ఆదివారం చేస్తం. ప్రపంచంలో ఉన్న మనోళ్ళంత చేస్తరు. ఆ రోజు శత్రువును ప్రేమించుమని వాక్యం చెప్తం. వాక్యమైనంక పాడనీకి పాట లేదు. స్తోత్రాలున్నయి, సిలువ పాటలున్నయి, పరలోకం పాటలు బొచ్చెడున్నయి. పక్కింటోనితోని రాజీ పడే పాట ఒక్కటి లేదు. నువ్వు పద్యాలు రాసేటోనివి గద, రాసియ్యి."

నేను పద్యాలు రాసింది తొమ్మిదో తరగతిలో. మన తెలుగు సారు, ఇవాళ ఆయన లేరు, బోర్డు మీద గణాలు విడదీసి మనతో వీపులు విమానం మోత మోగించి నేర్పిన ఆటవెలది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా హాజరు పట్టీలు తప్ప ఏమీ రాయలేదు. అయినా సరేనన్నాను.

రాసి, పాడుకొని, ఎవరికీ చూపకుండా దాచాను. ఎందుకో చెబుతాను. నాకు తెలిసిన బాణీలన్నీ ఇంగ్లీషు బాణీలు. వాటిలో తెలుగు మాటలు కూర్చున్నాను. అక్షరాలు సరిపోయాయి. కానీ పాడితే, దీర్ఘం లేని చోట బాణీ సాగుతుంది, దీర్ఘమున్న చోట పరుగెత్తుతుంది. "నీ పదము పాడెదను" అని రాస్తే పాటలో "నీ పాదము పాడెదను" అయింది. "నా మది" అంటే "నా మాది" అయింది. మనసును దేవుడికి ఇవ్వబోయి మళ్ళీ మాదే అన్నట్టు! గుళ్ళో చిన్నప్పటి నుంచి ఇట్లాంటివి ఎన్నో పాడాం, అలవాటైపోయి వినిపించవు. సొంతంగా రాసుకున్నప్పుడు వినిపించింది.

అప్పుడు హార్మోనియం గుర్తుకొచ్చాడు. వాళ్ళ క్యాంపు ఇంటికి పోయి కాగితం ఇచ్చాను. చదివి, పక్కన పెట్టి, వాళ్ళ తాతగారి కీర్తనల పుస్తకం తీసి నా ముందు పెట్టాడు. ప్రతి కీర్తన నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు ఉంటాయి. "మన పెద్దలు వంద, నూటయాభై ఏళ్ళ కిందటే ఈ గొడవ తీర్చేశారు. నువ్వు మళ్ళీ మొదటికొచ్చావేంట్రా" అన్నాడు. పురుషోత్తమ చౌదరి గారి గురించి ఆ రోజే గట్టిగా విన్నాను. 1803లో పుట్టి 1890లో పోయారు. బ్రాహ్మణ కుటుంబం, 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. నూటికి పైగా కీర్తనలు రాశారు. తెలుగువాడు ఎట్లా పాడతాడో ఆయనకు తెలుసు. ఒకడు చరణం ఎత్తుకుంటాడు, పదిమంది పల్లవికి వస్తారు. పుస్తకం చదవలేని ముసలమ్మకు కూడా పల్లవి వస్తుంది, ఆమె పాటలో ఉంటుంది. ఇంగ్లీషు బాణీలో నాలుగు చరణాలు నాలుగు రకాలు, పుస్తకం పట్టుకున్నవాడిదే పాట.

అయితే కీర్తనలతోనూ ఒక చిక్కుంది. ఆ భాష పాతది, సంస్కృతం పాలు ఎక్కువ. ఆ రాగాలు క్యాంపు వాళ్ళకు నోరు తిరుగుతాయి గానీ, మా పాలమూరు సంఘంలో నాట్లేసి వచ్చిన ఆడవాళ్ళకు తిరగవు. హార్మోనియం కట్టిన మొదటి బాణీ నేనే రెండు రోజులు తంటాలు పడితే గానీ రాలేదు. ఆ మాట అంటే వాడికి కోపం వచ్చింది. "నీకు సంగీతం రాకపోతే రాగం తప్పా?" అన్నాడు.

ఈ తగవు తీర్చడానికి శక్కర్‌నగర్‌లో చిరుతలు ఇంటికి పోయాం. తీర్చలేదు, ఇంకా పెంచాడు. కానీ అక్కడి నుంచే మా పని మొదలైంది. ఆదివారం గుడి అయినంక నేను నిజామాబాదు నుంచి బస్సెక్కి వచ్చేవాణ్ణి, వాడు క్యాంపు నుంచి మోపెడ్ మీద హార్మోనియం కట్టుకొని వచ్చేవాడు. చిరుతలు ఇంటి ముందు వేపచెట్టు కింద సాయంత్రం దాకా కూర్చునేవాళ్ళం.

చిరుతలు పాట వినే పద్ధతి వేరు. కళ్ళు మూసుకొని వేళ్ళతో మోకాలి మీద వేసుకుంటూ వింటాడు. అయిపోయాక "పలుకు కట్టలె" అంటాడు. పాన్ హౌస్ మాట అది. చెరుకు రసం చిక్కబడుతూ చిక్కబడుతూ ఒక ఘడియలో పలుకు కడుతుంది, సన్నటి గింజ లేస్తుంది. తొందరపడితే గింజ పొడి పొడిగా పోతుంది, ఆలస్యమైతే ముద్దవుతుంది. వాడు ఇరవై ఏళ్ళు గాజుముక్క మీద చుక్క వేసుకొని దీపానికి పట్టి చూసిన మనిషి. మాటకూ పలుకనే అంటాం, చక్కెర గింజకూ పలుకనే అంటాం. తెలుగు సారు ఉంటే దీని మీద ఒక గంట చెప్పేవారు.

మొదట కోతపండుగకు ఒక పాట రాద్దామనుకున్నాం. గుళ్ళలో కోతపండుగ పాటలన్నీ వరి పనలు, గోధుమ పనలు. చెరుకు ఎక్కడా లేదు. నాకు తట్టిన ఉపమానం మీకూ ఇప్పటికే తట్టి ఉంటుంది: దేవుడు మనిషిని గానుగలో పెట్టి నలుపుతాడు, అప్పుడు తీపి వస్తుంది. రాసి గర్వంగా చదివాను. చిరుతలు కళ్ళు తెరిచాడు.

"తీపి గానుగల నుంచి వచ్చిందార? చెరుకుల ముందుగాలనే ఉండె. ఎండ పెట్టింది, నీళ్ళు పెట్టినయి. గానుగ తీసుకునుడే గని ఇచ్చుడు ఏడిది? ఇంగ పిప్పి ఏడ పాయె నీ పాటల? పిప్పిని బాయిలర్ల ఏస్తరు. మనిషిని పిండి పిప్పి చేసెటోడు మీ దేవుడైతే నేను బాణీ చెప్ప."

నేను చాలా ప్రసంగాలు విన్నాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆ పాట మానేశాం. దాని బదులు రాసిన దాంట్లో గానుగ లేదు, గెడ కొట్టే చేతులున్నాయి, సరిహద్దు దాటి మహారాష్ట్ర నుంచి వచ్చి చెరుకు తోటల పక్కనే గుడిసెలు వేసుకునే కోత ముఠాల పిల్లలున్నారు. అది నిలిచింది. మొత్తం పదకొండు మొదలుపెడితే నిలిచినవి నాలుగు.

ఇంకో మనిషి సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. మన బ్యాచ్‌లోనే చదివి టీచరైన చెల్లెమ్మ ఒకామె, ఒకసారి వేపచెట్టు కిందికి వచ్చి విని, "అన్నా, మీరు ముగ్గురు మగోళ్ళు మీ గొంతుకు శ్రుతి పెట్టుకున్నరు. గుడిలో పాడేది ముప్పాతిక మంది ఆడోళ్ళు. పల్లవి కిందికి పోయినప్పుడు మాకు ఊపిరి తప్ప శబ్దం రాదు" అన్నది. పాడి చూపించింది. నిజమే. మూడేళ్ళుగా మాలో ఒక్కడికీ తట్టలేదు. ఆ రోజు నుంచి మేం కట్టిన ప్రతి బాణీ ఆమె దగ్గర పాసవ్వాలి. ఆమె చాలా మందిని ఫెయిల్ చేసిన టీచరని మీకు తెలుసు.

ఇప్పుడు కొంచెం పక్కదారి. మా వాళ్ళ చరిత్ర ఈ పనిలో పడ్డాకే చదివాను. 1525లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో కొందరు కుర్రవాళ్ళు, పసిపిల్లలకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదని, పెద్దయ్యాక నమ్మి తీసుకోవాలని ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. కత్తి పట్టం, ఒట్టు పెట్టం అనే మాటలు తర్వాత వాళ్ళలో స్థిరపడ్డాయి. ఇందాక నేను మిత్రులకు ఒట్టు పెట్టానన్నాను, మా పాస్టరు గారికి చెప్పకండి. మెనో సైమన్స్ అనే డచ్చి ఫాదరీ 1536లో వాళ్ళలో కలిశాడు, ఆయన పేరే మాకు వచ్చింది. వింత ఏమిటంటే, ఆ మొదటి వాళ్ళ నాయకుడు కాన్రాడ్ గ్రేబెల్ 1524లో స్నేహితులతో కలిసి రాసిన ఉత్తరంలో, ఆరాధనలో పాటలే వద్దని వాదించాడు. పదకొండేళ్ళు తిరిగేసరికి ఏమైందో చూడండి. మొరావియా నుంచి తరిమేస్తే సొంతూళ్ళకు పోతున్న ఒక గుంపును 1535లో దారిలో పట్టుకొని పాసౌ కోట చెరసాలలో పడేశారు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే మగ్గారు. ఆ చీకట్లో వాళ్ళు పాటలు రాశారు. ఆ పాటల్ని 1564లో అచ్చు వేశారు, యాభై మూడు పాటలు. అవి చేరిన ఆస్‌బుండ్ అనే పుస్తకాన్ని అమెరికాలో అమిష్ వాళ్ళు ఈనాటికీ గుడిలో పాడతారు. ఆ పుస్తకంలో స్వరాలుండవు, మాటలే. బాణీ నోటి నుంచి నోటికి వచ్చిందే. ఇది చదివినప్పుడు మా పాలమూరు ముసలమ్మలు గుర్తుకొచ్చారు.

ఈ సంగతి వేపచెట్టు కింద చెబితే చిరుతలు, "మనకు ఇందూరు ఖిల్లా లేదార?" అన్నాడు. ఉంది కదా! దాశరథి గారిని నిజాం ప్రభుత్వం ఆ ఖిల్లా జైలులో పెట్టినప్పుడు పళ్ళు తోముకునే బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. పక్కన వట్టికోట ఆళ్వారుస్వామి గారు. రాసేవాడికి పక్కన వినే మనిషి ఉండాలి. దాశరథి తన అగ్నిధారను ఆయనకే అంకితమిచ్చారు. ఆ ఖిల్లా మన ఊళ్ళోనే ఉంది. మన బడి నుంచి ఎక్స్‌కర్షన్ అంటే మమ్మల్ని ఎప్పుడూ నిజాంసాగర్ కట్టకు, అలీసాగర్‌కు తీసుకుపోయేవారు, ఖిల్లాకు తీసుకుపోయినట్టు నాకు గుర్తులేదు. గురువులు మన్నించాలి.

సరే, అసలు సంగతికి వస్తాను. చెప్పాలా వద్దా అని నిన్న రాత్రి దాకా ఆలోచించాను. హార్మోనియాన్నే అడిగాను. "చెప్పుకో, నాకేం" అన్నాడు.

2012లో మా పెద్దమ్మాయి పెళ్ళికి డబ్బు తక్కువపడింది. హార్మోనియాన్ని అడిగాను. ఆ ఏడు చెరుకు బిల్లు వచ్చిన వారంలోనే ఎనభై వేలు తెచ్చి ఇచ్చాడు. కాగితం లేదు, వడ్డీ లేదు. ఆరు నెలల్లో ఇస్తానన్నాను. ఆరు నెలలు ఏడాదైంది, ఏడాది మూడేళ్ళైంది. నా దగ్గర అసలు లేక కాదు. పండుగకు ఐదు వేలు, పదివేలు ఇవ్వగలిగిన రోజులున్నాయి. కానీ కొద్ది కొద్దిగా ఇస్తే మొత్తం గుర్తొస్తుంది, ఒక్కసారే ఇద్దామనుకొని ఏమీ ఇవ్వకుండా ఉండిపోయాను. ప్రతి ఆదివారం పక్కపక్కన కూర్చొని దేవుడి మీద పాటలు కడుతున్నాం. వాడు ఒక్కసారి అడగలేదు. అడగడం లేదు కాబట్టి వాడికి ఇబ్బంది లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మధ్యనే వాడు అరెకరం అమ్మాడని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఎందుకమ్మావని నేను అడగలేదు.

2015 ఎండాకాలంలో శాంతి ఆదివారం పాట మొదలుపెట్టాం, అన్నిటికంటే ముందు రాయాల్సింది, అన్నిటికంటే ఆలస్యమైంది. ప్రభువు నేర్పిన ప్రార్థన మీద రాద్దామనుకున్నాను. తెలుగు బైబిల్లో ఆ ప్రార్థనలో పాపం అని ఉండదు, ఋణం అని ఉంటుంది. గుడికి పోయే ప్రతి పిల్లవాడికీ అది కంఠతా వచ్చు. యాభై ఏళ్ళు చెప్పిన మాట, నేనూ కంఠతానే చెప్పాను. రాసిన పల్లవి ఇది:

మా అప్పులన్ని మాఫి చేయు మాన్యుడవు నీవయ్య

యతి కుదిరింది, నోటికి పడుతుంది. పాడి వినిపించాను. హార్మోనియం బెలోస్ మీది చెయ్యి తీసేశాడు. ఆ పెట్టెలో మిగిలిన గాలి కాసేపు మూలిగి ఆగిపోయింది.

"ఈ పల్లవి ఎవరైనా రాయొచ్చు. నువ్వు రాయకూడదు" అన్నాడు.

ఎవరం మాట్లాడలేదు. నాకు ముందు కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. దేవుడి పాటలోకి డబ్బు గొడవ తెస్తావా అన్నాను. అప్పుడు వాడన్న మాటలు: "తెచ్చింది నేనా? ప్రభుత్వం లక్ష దాకా మాఫీ అంది, నాలుగు విడతలంది. మొదటి విడత లిస్టులో నా పేరు రాలేదు. పోనీలే అనుకున్నా. ఇప్పుడు నీ పాటలో కూడా నేను పోనీలే అనాలా? నువ్వు దేవుణ్ణి మాఫీ అడిగితే, నీకిచ్చిన నా డబ్బు ఏ పద్దులో పోతుందిరా?"

హార్మోనియాన్ని మోపెడ్‌కు కట్టుకొని పోయాడు. తాడు కట్టడానికి ఎప్పుడూ నేనే పట్టుకునేవాణ్ణి, ఆ రోజు వాడొక్కడే కట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆరు నెలలు వేపచెట్టు కింద ఎవరూ కూర్చోలేదు. ఆ డిసెంబరులోనే ఫ్యాక్టరీకి లేఆఫ్ పడింది. బోధన్ బజార్లో ఎవరిని కదిలించినా ఒకటే మాట. చెరుకు ఎక్కడికి తోలాలన్నది రైతుల బాధ, ఏం తినాలన్నది పనివాళ్ళ బాధ. చిన్నప్పుడు మన బడి గంట కంటే మనం నమ్మింది ఫ్యాక్టరీ కూతను. ఆ కూత లేని ఊళ్ళో సాయంత్రమైందని కూడా తెలిసేది కాదు. చిరుతలు ఒకరోజు నా ఇంటికి వచ్చాడు. నిజామాబాదులో మా ఇంటికి వాడు రావడం అదే మొదటిసారి. మంచినీళ్ళు తాగి, "ఫ్యాక్టరీ మూసిండ్రని ఊరంత లొల్లి పెడుతున్నం. వానికి నువ్వు మూడేండ్ల కింద మూస్తివి" అని, ఇంకేం మాట్లాడకుండా లేచి పోయాడు.

మా ఆవిడ వంటింట్లో నుంచి విన్నది. ఆమెకు అప్పటిదాకా అప్పు సంగతే తెలియదు. మర్నాడు చిట్టీ ఎత్తడానికి దాచిన కాగితాలు తెచ్చి నా ముందు వేసింది. నష్టానికి పాడి ఎత్తాం. ముప్పై ఐదు వేలు చేతికొచ్చాయి.

క్యాంపుకు పోయాను. వాడు పొలం నుంచి రాలేదు, వాళ్ళ అమ్మ అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది, ఏమీ ఎరగనట్టు మా మనవరాలి గురించి అడిగింది. వాడు వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. డబ్బు ఇచ్చాను. లెక్కపెట్టాడు. అది నాకు నచ్చింది, లెక్కపెట్టకుండా జేబులో వేసుకుంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ణి. "ఇంకా నలభై ఐదు" అన్నాడు. "నెలకు మూడు వేలు, పింఛను రోజున" అన్నాను. సరేనన్నాడు. క్షమించమని నేను అనలేదు, క్షమించానని వాడూ అనలేదు. మజ్జిగ గ్లాసు కింద పెట్టాక, "ఆ పల్లవి పారేశావా ఉంచావా?" అని అడిగాడు.

పారేశానన్నాను. కొత్తది ఇంకా రాలేదన్నాను. నిజానికి బస్సులో వస్తున్నప్పుడే ఒక ముక్క వచ్చింది, చెప్పడానికి సిగ్గేసింది. వాడు గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాను.

అప్పు చిట్టా విప్పినాను – అయ్య నీ ముందర
తప్పు నాదే మొదటి పద్దు – తక్కినవి ఆ పైన

వాడు రెండుసార్లు చెప్పించుకున్నాడు. లోపలికి పోయి పెట్టె తెచ్చాడు. ఏదో ఒక రాగం పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకోలేదు. "ఇది వాడి నడక. మూడు, నాలుగు. వాడి దగ్గరికి పోదాం పద" అన్నాడు. చీకటిపడ్డాక ఇద్దరం మోపెడ్ మీద శక్కర్‌నగర్ పోయాం. చిరుతలు తలుపు తీసి ఇద్దరినీ చూసి, ఒక్క మాట అనకుండా లోపల గోడకు వేలాడే చిరుతలు తీసుకొని బయటికి వచ్చాడు. తకిట తకధిమి, తకిట తకధిమి, ఆ నడకలో మాటలు ఒక్కటి కూడా తన్నుకోలేదు. దీర్ఘం దీర్ఘం దగ్గరే నిలబడింది. మూడోసారి పాడాక వాడు ఆపి, "పలుకు కట్టింది" అన్నాడు. వాడి నోట ఆ మాట వినడం అదే మొదలు.

చరణాలు రాయడానికి రెండు నెలలు పట్టింది. మొదటి చరణంలో నేను ఎవరికి ఏం ఇవ్వాలో ఉంది. రెండో దాంట్లో మాటతో పడ్డ బాకీలు. ఎదుటివాడు నాకు ఇవ్వాల్సింది చివరి చరణంలో గానీ రాదు, అదీ రెండే పాదాలు. శాంతి ఆదివారానికి 2016 సెప్టెంబరులో ముగ్గురం పాలమూరు పోయాం. మా మేనమామ కొడుకు పాట విని, "బాణీ ఎవరిది?" అని అడిగాడు. నాకు గొంతులో వెలక్కాయ పడింది. చిరుతల రామాయణం నడక, హిందువు కట్టిన బాణీ అంటే సంఘం ఏమంటుందో? చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మా ఊర్ల గూడ ఆడుతరు. మా ఆడోళ్ళకు తొందరగ వస్తది" అన్నాడు. అంతే. కాగితం మీద పేర్లు ఎట్లా వేయాలన్నప్పుడు ముగ్గురం ముగ్గురి పేర్లూ వద్దనుకున్నాం. ఇప్పుడు అక్కడ అది ఎవరి పాటో చాలామందికి తెలియదు. బాణీ కొంచెం మారింది కూడా. చివరి పాదంలో వాళ్ళు ఒక మెలిక వేస్తారు, మాది కాదు, మాకంటే బాగుంది.

ఆ రోజు పాట అయ్యాక గుళ్ళో ఏం జరిగిందో చెప్పమని నన్ను చాలామంది అడిగారు, ఎవరైనా లేచి కౌగిలించుకున్నారా, ఏడ్చారా అని. అట్లాంటిదేం జరగలేదు. భోజనాల దగ్గర మాత్రం ఒక ముసలాయన నా పక్కన కూర్చొని, గట్టు తగాదాలో తమ్ముడితో పద్నాలుగేళ్ళుగా మాటల్లేవని, మొదటి పద్దు ఎవరిదో తనకు ఇంకా తేలలేదని చెప్పి, కూర బాగుంది వేయించుకోమన్నాడు.

నా బాకీ సంగతి అడుగుతారేమో. నెలకు మూడు వేలు పదిహేను నెలలు. మధ్యలో రెండు నెలలు తప్పాను, రెండుసార్లూ వాడు ఫోన్ చేసి అడిగాడు. ఒకప్పుడు అడగనివాడు ఇప్పుడు అడుగుతున్నాడు, అది నాకు ఎంత సంతోషమో చెప్పలేను. 2017 ఎండాకాలం చివర్లో తీరిపోయింది. తీరిన రోజు వాళ్ళ అమ్మ బూరెలు చేసింది.

కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నాడు. ఇరవై నిమిషాలు ఎప్పుడో దాటింది. హార్మోనియం పెట్టె స్టేజీ వెనకాల ఉంది, చిరుతలు చిరుతలు తెచ్చాడు. ఇద్దరికీ మైకు భయం గానీ పాటకు భయం లేదు. పల్లవి రెండుసార్లు మేం పాడతాం, మూడోసారి మీరు అందుకోవాలి. ఏ మతం వాళ్ళయినా సరే, బాకీ లేనివాళ్ళు ఉంటే ఊరుకోవచ్చు. శ్రుతి చెల్లెమ్మ చెప్పిన చోటే పెట్టాం, మగవాళ్ళు కొంచెం పైకి లాగాల్సి వస్తుంది.